ఒక్కరోజు పెద్దవాణ్ణి

ప్రతి ఏడాదీ జులై ఒకటో తారీఖున నేను పళ్లు తోముకోకముందే ఫోను మోగడం మొదలవుతుంది. బ్యాంకువాళ్లు, ఇన్సూరెన్సువాళ్లు, ఎప్పుడో ఒక్కసారి కళ్లజోడు కొన్న కొట్టువాళ్లు, అందరూ పుట్టినరోజు శుభాకాంక్షలు పంపుతారు. పాపం, వాళ్ల తప్పేం లేదు. ఆ రోజుకి నేనింకా మా అమ్మ కడుపులో నాలుగో నెలలో ఉన్నానని వాళ్లకెవరు చెబుతారు?

మొన్న కార్తీక మాసంలో మా అమ్మాయి సైనిక్ స్కూలు పరీక్షకు దరఖాస్తు పెడతానని కూర్చుంది. మా రోజుల్లో ఆ బళ్లు మగపిల్లలకే. ఇప్పుడు ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు. కంప్యూటరు ముందు కూర్చుని, "నాన్నా, నా బర్త్ సర్టిఫికెట్ ఇలా ఇవ్వు" అంది. బీరువాలోంచి తీసి ఇచ్చాను. చక్కగా అచ్చేసిన కాగితం, అడుగున ఆఫీసు ముద్ర. దాన్ని చూడగానే నాకు నవ్వొచ్చింది.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదమ్మా. తారీఖు సరిగ్గా చూసి కొట్టు. ఒక్కరోజు తేడా వచ్చినా కొంప మునుగుతుంది."

నా కొంప మునిగింది ఆ ఒక్కరోజు దగ్గరే. అదే చెబుతాను.

మాది రేపల్లె దగ్గర ఒక ఊరు. ఆ ఊరి బడికి మా నాన్న హెడ్మాస్టరు. ఐదు తరగతులు, రెండు గదులు, ఒక వరండా. ఊళ్లో ఆయన్ను పెద్ద మాస్టారనేవారు. మా వైపు అప్పట్లో ఎవరి వయసైనా తుఫానుతోనే లెక్క. "మీవాడు తుఫానుకి ముందా, తర్వాతా?" అని అడిగితే చాలు, సంవత్సరాలూ నెలలూ ఎవడిక్కావాలి? మా నాయనమ్మ గేదె వయసు కూడా అలాగే చెప్పేది. నేను తుఫాను తర్వాత పదకొండో రోజున పుట్టాను. ఇళ్ల కప్పులన్నీ లేచిపోయి ఊరంతా బళ్లో తలదాచుకుంటే, మా అమ్మ ఐదో తరగతి గదిలో, ఎక్కాల చార్టు కింద నన్ను కన్నది. నాకు లెక్కల్లో సున్నా వచ్చినప్పుడల్లా నాయనమ్మ, "చార్టు కింద పుట్టాడన్న మాటేగానీ ఒక్క ఎక్కమూ వీడి బుర్రలో రాలలేదే" అని వాపోయేది.

ఒకటో తరగతి నేను రెండేళ్లు చదివాను. మొదటి ఏడాది చదువు కోసం కాదు, తల లెక్క కోసం. ఆ రోజుల్లో నాన్నొక్కరే ఐదు తరగతులకూ పాఠాలు చెప్పలేక నోరెండబెట్టుకునేవారు. రెండో టీచరు పోస్టు కావాలంటే బళ్లో ఇంతమంది పిల్లలుండాలని రూలు. నాన్న ఇల్లిల్లూ తిరిగి, చేపల రేవు దగ్గర కూడా బతిమాలి పిల్లల్ని పోగుచేశారు. తీరా లెక్క చూస్తే ఒకడు తగ్గాడు. ఇంటికొచ్చి, పెరట్లో మట్టి తింటున్న నన్ను ఎత్తుకుని, మూతి కడిగి, తీసుకెళ్లి వరస చివర కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు నేను పలక మీద తల పెట్టుకుని నిద్రపోతున్నానట. ఆయన నన్ను లేపకుండానే లెక్కపెట్టుకుని వెళ్లాడు. పోస్టు మంజూరైంది.

అలా వచ్చినావిడే చిన్న టీచరుగారు. బాపట్ల నుంచి వచ్చారు. మా ఊళ్లోనే ఒక గది తీసుకుని ఉండేవారు. శనివారం మధ్యాహ్నం బాపట్ల వెళ్లి సోమవారం మొదటి బస్సుకి దిగేవారు. అక్కడ వాళ్లమ్మ, చదువుకునే ఇద్దరు తమ్ముళ్లు. ఇల్లంతా ఈవిడ జీతం మీదే నడిచేది.

నేను ఐదో తరగతిలోకి వచ్చిన ఏడాది హవల్దారు మామయ్య మా ఇంటికొచ్చాడు. అమ్మకు దూరపు అన్నయ్య, ఆయనదీ బాపట్లే. చాలా ఏళ్లు సైన్యంలో చేసి తిరిగొచ్చాడు. యుద్ధం సంగతి చెప్పమంటే మీసం సవరించుకుని ఊరుకునేవాడు. ఆయన పనిచేసింది దుప్పట్ల గోదాములోనని నాన్న నవ్వుతూ చెప్పేవారు, అదీ ఆయన లేనప్పుడు. ఆ మామయ్య మా అరుగు మీద కూర్చుని, ఇత్తడి గ్లాసుడు కాఫీ ఒక్క గుక్కలో తాగేసి ప్రకటించాడు.

"బావా, వీణ్ణి సైనిక్ స్కూల్లో వెయ్యి. అక్కడ పన్నెండు దాకా చదివితే మిలట్రీ అకాడమీ. అది దాటితే ఆఫీసరు. నేను సెల్యూట్ కొట్టినోళ్లలో సగం మంది ఆ దారినొచ్చినోళ్లే."

నాన్న ముఖం వెలిగిపోయింది. ఆయన కుర్రతనంలో సైన్యంలో చేరతానని వెళ్తే ఛాతీ చాల్లేదని వెనక్కి పంపేశారు. ఆ కోరిక అలాగే లోపల ఉండిపోయింది. నాయనమ్మ మాత్రం, "తుపాకులు మనకెందుకురా? వాడూ నీలాగే బళ్లో పాఠం చెప్పుకుంటే చేదా?" అంది.

నాకు దేశభక్తి లాంటిదేమీ లేదు. మామయ్య ఆ బడిలో ప్రతి పిల్లాడికీ సొంత మంచం ఇస్తారన్నాడు. నాకు ఇంట్లో మంచం లేదు, నాయనమ్మ పక్కన చాప, ఆవిడ గురక. రెండు జతల బూట్లు ఇస్తారన్నాడు. అన్నిటికన్నా చివర, గుర్రం కూడా ఎక్కిస్తారన్నాడు. అంతే, నేను పడిపోయాను. ఆ క్షణం నుంచీ నాకు ఆ బడి తప్ప మరో ధ్యాస లేదు. ఊళ్లో దూడలన్నిటినీ గుర్రాలుగా వాడి, రెండుసార్లు పేడలో పడ్డాను.

దసరా సెలవలకు నన్ను బాపట్ల పంపించారు. మామయ్య మొదటి పనిగా నన్ను చెడ్డీ మీద నిలబెట్టి, "అటెన్షన్!" అని అరిచాడు. నేను మడమలు కలపబోయాను. కలవలేదు. మోకాళ్లు ముందే ఒకదానికొకటి తగిలి ఆగిపోయాయి. మామయ్య వంగి, తల అటూ ఇటూ తిప్పి చూసి, పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"ఇది చూస్తే మెడికల్లోనే పంపించేస్తారురా అబ్బాయీ. మోకాళ్లు ఎడం కావాలి, మడమలు కలవాలి."

రోజూ తెల్లారగానే సైకిలు మీద సూర్యలంక సముద్రానికి తీసుకెళ్లి ఇసకలో పరిగెత్తించేవాడు. నోట్లో ఈల, వెనక సైకిలు. ఇసకలో సైకిలు కదలక ఆయనే దాన్ని మోసుకుంటూ పరిగెత్తేవాడు. పడవల దగ్గర వలలు సర్దుకునేవాళ్లు పని ఆపి చూసేవారు. ఒకాయన ఉండబట్టలేక, "ఏంటి బాబాయ్, పొద్దున్నే తరుముతున్నావు? కుర్రోడు ఏం ఎత్తుకెళ్లాడేంటి?" అన్నాడు. మామయ్య ఈల నోట్లోంచి తీయకుండానే తిట్టాడు. ఏం తిట్టాడో ఎవరికీ అర్థం కాలేదు.

మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని నిలబడి చదవాలని మామయ్య ఉత్తరువు. ఇంటికొచ్చాక నాయనమ్మ దిండు ఒప్పుకోలేదు. "దూది నొక్కుకుపోద్ది. దానికేం బలముంటది?" అని కొబ్బరికాయ తెచ్చి ఇరికించింది. పొద్దున గంట, సాయంత్రం గంట, కాయ జారకుండా నిలబడి ఎక్కాలు వల్లించాలి. కాయ పడితే ఎక్కం మొదటికొస్తుంది. ఒకరోజు పదమూడో ఎక్కంలో కాయ జారి గచ్చు మీద పడి పగిలింది. మధ్యాహ్నం అది పచ్చడైంది. నాన్న రెండుసార్లు వడ్డించుకుని, "వైద్యం బాగుంది" అన్నారు. నాయనమ్మ ఇంకో కాయ తెచ్చింది.

ఇక బరువు కూడా ఇంతుండాలన్నాడు మామయ్య. మినుములు వేయించి, తిరగలిలో విసిరి, బెల్లం కలిపి, నెయ్యి కారేటట్టు నాయనమ్మ సున్నుండలు కట్టేది. ఆ వేపుడు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. నన్ను పంపడం ఇష్టం లేనిదే మళ్లీ నాకు రోజుకు నాలుగు తినిపించేది. "వెళ్లేవాడు ఎటూ వెళ్తాడు, బక్కచిక్కి వెళ్తే నన్నంటారు" అనేది.

ఇంగ్లీషు చిన్న టీచరుగారు చెప్పేవారు. బడి వదిలాక వరండాలో ఒక గంట, రోజూ. ఒక్క రోజు కూడా విసుక్కోలేదు.

"వాట్ ఈజ్ యువర్ ఏమ్?"

"మై ఏమ్ ఈజ్ హార్స్, టీచర్."

ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. "హార్స్ కాదురా నాయనా, ఆఫీసర్ అనాలి. నువ్వు ఆఫీసరయ్యాక మొదటి సెల్యూట్ నాకే కొట్టాలి. మడమలు కలిపి, ఠపీమని చప్పుడు రావాలి. సరేనా?" అనేవారు. "సరేనండి" అనేవాణ్ణి.

దరఖాస్తు నాన్నే నింపారు. పుట్టిన తేదీ దగ్గర ఆయన ఆలోచించనే లేదు. తుఫాను తర్వాత పదకొండో రోజు ఏ తారీఖో ఆయనకు కంఠతా వచ్చు, అదే రాశారు. హెడ్మాస్టరు సంతకం చోట ఆయనే సంతకం పెట్టారు. పరీక్ష గుంటూరులో. వెళ్తూ తెనాలి స్టేషనులో రైలు మారేటప్పుడు, రంగు దీపాలు తిరిగే బరువు మిషను ఎక్కాను. కార్డు వచ్చింది. కావలసిన దానికి రెండు కిలోలు తక్కువ. వెనక జోస్యం, "శీఘ్రముగా వివాహము జరుగును." నాయనమ్మ ఆ కార్డును నెలరోజులు ఊరందరికీ చూపించింది.

పరీక్ష నేను పాసయ్యాను. ఇంటర్వ్యూకీ మెడికల్‌కీ రమ్మని ఉత్తరం వచ్చిన రోజున మా ఇంటి ముందు పండగ. నాయనమ్మ నా మోకాళ్ల మధ్య నెలల తరబడి ఉన్న ఆ రెండో కొబ్బరికాయను ఆంజనేయస్వామికి కొడతానని బయల్దేరింది. "ఆ కాయ దేవుడికి పనికొస్తుందా అత్తయ్యా?" అంది అమ్మ. "బ్రహ్మచారి మోకాళ్లతో ఆంజనేయస్వామికి పేచీ ఏంటే?" అని నాయనమ్మ వెళ్లి కొట్టేసింది. అప్పటికి నా మడమలు చక్కగా కలుస్తున్నాయి. ఎవరు అడిగినా అడక్కపోయినా వీధిలో ఆగి కలిపి చూపించేవాణ్ణి.

ఉత్తరంతోబాటు తెమ్మన్న కాగితాల్లో ఒకటి, బడి రిజిస్టరులో ఉన్న పుట్టిన తేదీ ధ్రువపత్రం. మర్నాడు బళ్లో నాన్న బీరువా తెరిచి పాత అడ్మిషన్ రిజిస్టరు తీశారు. నేను పక్కనే బోర్డు తుడుస్తున్నాను. ఆయన పేజీ తిప్పి, నా పేరు మీద వేలు పెట్టారు. కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత ముందు పేజీ, వెనక పేజీ తిప్పారు.

నా పేరు ఎదురుగా జులై ఒకటి అని ఉంది. తుఫానుకి నాలుగున్నర నెలల ముందు. రాసింది నాన్నే, ఆయన గుండ్రటి దస్తూరీ ఎక్కడున్నా తెలుస్తుంది. నా పైవాడికీ జులై ఒకటే, కిందివాడికీ జులై ఒకటే. ఊళ్లో ఎవరికీ పిల్లలు పుట్టిన తారీఖులు తెలియవు. జులై ఒకటి నాటికి ఐదేళ్లు నిండినవాళ్లే ఒకటో తరగతి లెక్కలోకి వస్తారు. అందుకని నాన్న అందరికీ ఆ తారీఖే వేసేవారు. తల తగ్గిన ఆ రోజున నన్ను తీసుకొచ్చి, అలవాటు చొప్పున నాకూ అదే వేశారు. వేసి మర్చిపోయారు.

సైనిక్ స్కూలు రూలేమో, తుఫాను వచ్చిన ఏడాది జులై రెండో తారీఖు నుంచి పుట్టినవాళ్లే అర్హులు. కాగితం మీద నేను ఒక్కరోజు పెద్దవాణ్ణి.

కబురందుకుని హవల్దారు మామయ్య వచ్చాడు. రిజిస్టరు చూసి నవ్వేశాడు. "ఓస్, ఇంతేనా! ఆ జులై ఒకటి కొట్టేసి అసలు తారీఖు వేసెయ్యి బావా. కలం నీది, పుస్తకం నీది, కొడుకు నీ కొడుకు."

"పుస్తకం నాది కాదు బావా" అన్నారు నాన్న. "దిద్దాలంటే పైవాళ్లే దిద్దాలి. రేపు తెనాలి వెళ్తాను, జరిగింది చెబుతాను. తప్పు నాదే."

మర్నాడు రిజిస్టరును కండువాలో చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ప్యాసింజరు ఎక్కారు. తెనాలిలో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు ఆఫీసు. పెద్దాయన, వక్కపొడి నములుతూ మర్యాదగా కూర్చోబెట్టాడు. నాన్న బళ్లో పిల్లాడిలా నిలబడే మొత్తం చెప్పారు.

"ఒక్కరోజు సార్. పుట్టింది తుఫాను తర్వాతేనని ఊరంతా సాక్ష్యం చెబుతుందండి."

ఇన్‌స్పెక్టరు నావైపు చూశాడు. నేను గభాలున మడమలు కలిపాను. ఆయన నవ్వి, ఆ వెంటనే ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"నమ్ముతాను మాస్టారూ. దిద్దడం పెద్ద పనేం కాదు. కానీ జులై ఒకటి కాదంటే ఆ ఏడు మీ బళ్లో ఒకడు తగ్గినట్టే కదండీ? ఆ లెక్క మీద ఇచ్చిన పోస్టేగా మీ రెండో టీచరుది? ఆ అమ్మాయిని పర్మనెంటు చేసే కాగితాలు ఇదిగో, ఈ కట్టలోనే ఉన్నాయి. మీ అర్జీ మీద నేను సంతకం పెట్టాలంటే ఆ సంగతి కూడా నేనే రాయాలి. తర్వాత పైవాళ్లు ఏం చేస్తారో నా చేతుల్లో ఉండదు. రాయమంటారా? మీరు చెప్పండి, రాస్తాను."

నాన్న రిజిస్టరు వైపు చూశారు, నావైపు చూశారు. నేనింకా అటెన్షన్‌లోనే ఉన్నాను.

"వద్దండి" అన్నారు. అర్జీ వెనక్కి తీసుకుని మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు.

వీధిలోకి వచ్చాక నాకు అరటిపండు ఒలిచినట్టు చెప్పారు. నేను అరటిపండులా తీసుకోలేదు. తెనాలి బజారులో, నిండు జనంలో, నేల మీద కూలబడి ఏడ్చాను. నా మంచం, నా బూట్లు, నా గుర్రం! "నేను తుఫాను తర్వాతే పుట్టాను కదా నాన్నా!" అని అరిచాను. "అవునురా, తర్వాతే పుట్టావు. నా చేత్తోనే నీకు స్నానం పోశాను" అన్నారు. దారిన పోయే ఒకావిడ, "ఏంటన్నయ్యా, పిల్లాడు తప్పిపోయి దొరికాడా?" అంది.

అంతవరకూ నన్నెప్పుడూ హోటలుకి తీసుకెళ్లని మనిషి, ఆ రోజు మసాలా దోసె తినిపించారు. ఏడుస్తూనే తిన్నాను. ఏడుస్తూనే, "ఇంకోటి" అన్నాను. ఇంకోటీ తినిపించారు. స్టేషనులో నన్ను బుజ్జగించడానికి బరువు మిషను ఎక్కించారు. కార్డు చూస్తే కావలసిన బరువు సరిగ్గా ఉంది, పైగా అరకిలో ఎక్కువ. వెనక, "తలచిన కార్యము నెరవేరును" అని ఉంది. ఆ మిషనును ఒక్క తన్ను తన్నాను. నా కాలే నొప్పెట్టింది.

రైల్లో నాన్న మెల్లగా అన్నారు. "ఈ సంగతి టీచరుగారికి తెలియకూడదు. తెలిస్తే ఆవిడ ఊరుకోరు, ఉద్యోగం వద్దనేసినా అనేస్తారు. ఎవరడిగినా మోకాళ్ల వల్ల పోయిందందాం."

"నా మోకాళ్లు బాగైపోయాయిగా!"

"తెలుసురా" అన్నారు నాన్న. "నాకు తెలుసుగా."

గుర్రం పోయిన దుఃఖం నెలకు తగ్గింది. ఈ అన్యాయం మాత్రం తగ్గలేదు. ఆర్నెల్లు కొబ్బరికాయ మోసి బాగుచేసుకున్న మోకాళ్ల మీద ఊరు ఊరంతా సానుభూతి చూపించింది. పిల్లలు నాకు మోకాళ్ల మేజరని పేరు పెట్టారు. అందరికన్నా ఎక్కువ అవమానపడింది హవల్దారు మామయ్య. "నేను తీర్చిదిద్దిన మోకాళ్లురా అవి!" అని మా అరుగు మీద కూర్చుని మండిపడేవాడు. అయినా నాన్న మాట మీద గుట్టు విప్పలేదు, అది మెచ్చుకోవాలి.

చిన్న టీచరుగారు కూడా అడిగారు. తల వంచుకుని, "మోకాళ్లండి" అన్నాను. అలవాటు కొద్దీ మడమలు కలిపే నిలబడి ఉన్నాను. ఆవిడ నా కాళ్లవైపు చూశారు. చాలాసేపు చూశారు. ఆ వారంలో ఒకరోజు ఆవిడ పాత రిజిస్టరు తీసి పేజీలు తిప్పుతుంటే కిటికీలోంచి చూశాను.

ఆ ఏడాది కార్తీకంలో, తుఫాను తారీఖు దాటిన పదకొండో నాడు, చిన్న టీచరుగారు బాపట్ల నుంచి స్టీలు డబ్బా తెచ్చి, మా ఇంటికొచ్చి నా చేతిలో పెట్టారు. నిండా సున్నుండలు. "ఇవాళ నీ పుట్టినరోజటగా" అన్నారు. రిజిస్టరు తిరగేసినా దొరకని తారీఖు అది, ఎవరినో అడిగి తెలుసుకున్నారన్నమాట. నాన్న నావైపు చూశారు. నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను. నాన్న పోయేదాకా ముగ్గురిలో ఎవరం ఆ మాట ఎత్తలేదు.

చివరికి నాయనమ్మ మాటే నెగ్గింది. చీరాలలో బళ్లో పాఠాలు చెప్పుకుంటున్నాను. చిన్న టీచరుగారు పర్మనెంటయ్యారు, తమ్ముళ్లను చదివించారు, రిటైరై బాపట్లలోనే ఉన్నారు. ఆ రోజు నాన్న మీద నాకెంత కోపం వచ్చిందో, ఇప్పుడు అంత గర్వంగా ఉంటుంది. ఆయనకు ఈ ముక్క చెప్పకుండానే ఉండిపోయానన్నదే నా బాధ.

మొన్న మా అమ్మాయి దరఖాస్తు నింపుతుండగానే బాపట్ల బస్సులో పార్సిలు వచ్చిందని కబురొచ్చింది. వెళ్లి తెచ్చాను. నా అసలు పుట్టినరోజుకి ప్రతి ఏడూ వచ్చేదే. మూత తీయగానే ఇల్లంతా మినుముల వాసన. పైన చీటీ, వణుకుతున్న అక్షరాలతో, "పుట్టినరోజు శుభాకాంక్షలు. బరువు తగ్గకు."

డబ్బాను బల్ల మీద పెట్టి, దాని ముందు నిలబడి సెల్యూట్ కొట్టాను. మా అమ్మాయి కంప్యూటరు వదిలేసి నవ్వుతోంది.

"డబ్బాకి సెల్యూట్ ఏంటి నాన్నా?"

"మా టీచరుగారికిచ్చిన మాటమ్మా. మడమలు కలిశాయా, చూడు."

అది వంగి చూసింది. "కలిశాయి నాన్నా" అంది.